సముద్రాన్ని తీసేసిన కేక

మా రాళ్లరేవు కేకకి మాటలుండవు. మాటలైతే అలల హోరులో చితికిపోతాయి. సాగదీసిన గొంతొక్కటే నిలుస్తుంది. తాతల నాడు శ్రీకాకుళం తీరం నుంచి వలలతో పాటు ఈ కేకని కూడా ఓడెక్కించి ఈ దీవికి తెచ్చుకున్నాం. బస్తీకి కేకవేసే మనిషి ఒకడుంటాడు. నీళ్లు తేడాగా కనబడితే బోర్లించిన డోంగీ పడవ ఎక్కి, సముద్రానికి ఎదురుగా నిలబడి గొంతెత్తుతాడు. ఊపిరున్నంత సేపూ తెగకుండా ఒకే ఎత్తులో సాగిందంటే, ఒడ్డు వదిలి కొండెక్కమని. పొట్టిపొట్టిగా తెంచి వేశాడంటే, ఉన్నవాళ్లంతా ఒడ్డుకొచ్చి డోంగీలు పైకి లాగమని. ఈ రెండే. బడికి పోని పిల్లలక్కూడా తెలుసు.

ఆ పని అసిరయ్యది. సునామీ వచ్చిన ఆదివారం పొద్దున భూమి ఊగి, సముద్రం వెనక్కి పోయి, ఎన్నడూ చూడని రాళ్లు బయటపడ్డప్పుడు అసిరయ్య సాగదీసి వేసిన కేకకే ఇవతలి ఒడ్డు మొత్తం కొండెక్కి బతికింది. నల్లరాళ్ల ముక్కు దాటితే అవతల చేపలు ఎండబెట్టే దిబ్బ ఉంది. అక్కడికి కేక అందలేదు. దిబ్బ మీదున్న ఆడవాళ్లు, పిల్లలు, ఆరిన మడుగుల్లో కొట్టుకుంటున్న చేపలు ఏరుకోవడానికి కిందికి దిగారు. కనకదుర్గ ఉప్పు కోసం ఇంటికొచ్చింది కాబట్టి మిగిలింది. ఆమె కూతురు మిగల్లేదు.

ఆ తర్వాత మేం ప్రభుత్వాన్ని బియ్యం అడగలేదనను. అడిగాం. రేకులడిగాం, డోంగీలడిగాం. కానీ మాయాబందర్ ఆఫీసు మెట్ల మీద కూర్చుని గొంతు చించుకుని అడిగింది మాత్రం ఒక్కటే. కేక దిబ్బకి అందాలి. అంతే. దీనికి రెండు వర్షాకాలాలు పట్టింది వాళ్లకి. చందమామ కావాలన్న పిల్లల్ని చూసినట్టు చూశారు మమ్మల్ని. చివరికి మంజూరైంది. పని పోర్ట్ బ్లెయిర్‌లో సిమెంటు, ఇనుము అమ్ముకునే కాంట్రాక్టరు బంగారురాజుకి దక్కింది. మా రేకుల షెడ్లు కట్టింది కూడా ఆయనే. వానొస్తే గిన్నెలు ఎక్కడెక్కడ పెట్టాలో మాకు తెలుసు.

ఆయన మనుషులు రేవులో గుంజ పాతి మైకు కట్టారు. అక్కడే ఒక స్విచ్చి. అక్కణ్నించి తీగ కొండవాలు మీదున్న కమ్యూనిటీ హాలుకి. హాల్లో యాంప్లిఫయరు, బ్యాటరీలు. మళ్లీ అక్కణ్నించి వాలు మీద రెండు స్పీకర్లు, దిబ్బ మీద రెండు. మొదటిసారి పరీక్షించిన రోజు పండగలా పోగయ్యాం. అసిరయ్య స్విచ్చి నొక్కాడు. ఇంకా కేక వెయ్యలేదు. ఊపిరి పీల్చుకుంటున్నాడంతే. మైకు ముందున్న సముద్రం స్పీకర్లలోంచి బయటికొచ్చింది.

ఆ మోత ఎలాంటిదో ఆ రోజు లేనివాళ్లకి చెప్పలేను. కొండ మీద, మా ఇళ్ల మధ్య, మా తలల పైన సముద్రం. పిల్లలు చెవులు మూసుకుని కింద పడ్డారు. ఒకామె చంటిదాన్ని ఎత్తుకుని, కాళ్లకి చెప్పుల్లేకుండా అడవిలోకి పరుగెత్తింది. సాయంత్రం దాకా దొరకలేదు. కనకదుర్గ చేపలు కోసే కత్తి తీసుకెళ్లి తీగ తెగ్గోసింది.

"ఓలమ్మ ఓలమ్మ! కొంపలోకి సముద్రాన్ని తెచ్చీసినారు గదరా! ఎవుడడిగినాడు మిమ్మల్ని ఈ మోత?"

"మైకంటే అంతేనమ్మా, ఎదురుగా ఏముంటే అది వినిపిస్తుంది" అన్నాడు బంగారురాజు.

"అయితే మా అసిరయ్య బావ ఎదురుగా లేడేటి? ఆడి గొంతొక్కటే రానీ. సముద్రం మాకొద్దు."

కేకని గదిలో వేసి పంపితే సరిపోదా అని అడిగాడాయన. అసిరయ్య నవ్వాడు. "గోడకేసి సూసి కేకెట్టా ఏత్తాను బాబూ? నీళ్లు కనబడాల. నీళ్లు ఏటి సేత్తన్నాయో సూసుకుంటా ఎయ్యాల." ముందే రికార్డు చేసి పెట్టుకుంటేనో అన్నాడు. దానికి అందరం నవ్వాం. పెట్టెలో దాచిన కేకకి ఎవడు పరుగెత్తుతాడు? చూసే కన్ను ఉంటేనే అది కేక.

అలా వచ్చింది కంప్యూటరు, మైకులోంచి సముద్రాన్ని తీసెయ్యడానికి. దానితో పాటు ధరణి వచ్చింది.

ధరణి పోర్ట్ బ్లెయిర్‌లో షాదీపూర్ పిల్ల. ఇంటి ముందు గదిలో పరుపులు గోడకి కొట్టి రికార్డింగ్ నడుపుకుంటోంది. ఆటోల మీద తిరిగే ప్రకటనలు, భజనలు, పెళ్లి వీడియోలకి వెనకాల మాటలు. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. చెడగొట్టుకుని, బాగుచేసుకుని నేర్చుకుంది. బంగారురాజు ఒక కంప్యూటరు మోయించుకొచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. ఆఫీసు స్టిక్కరు గీకేసిన మచ్చ ఇంకా తెల్లగానే ఉంది. మూత విప్పితే లోపల ఎండిపోయిన బల్లి.

"ఇది కొత్తదా రాజుగారూ?"

"మనకి కొత్తదే కదమ్మా."

"బిల్లులో ఏం రాశారు?"

"నీకెందుకు? నువ్వు సౌండు చూడు. ఆకాశవాణి వార్తల్లా ఉండాలి. బస్."

ఏం చెయ్యాలో ధరణికి తెలుసు. ప్లగిన్లని ఉంటాయి, గొంతుని కడిగి ఆరేసే చిన్న చిన్న ప్రోగ్రాములు. మురికి తీసేది ఒకటి, గంభీరం చేసేది ఒకటి, ప్రతిధ్వని పెట్టేది ఒకటి. సముద్రాన్ని తీసేవి ఆమె దగ్గర రెండున్నాయి. ఒకటి బరువైంది. వచ్చిన శబ్దాన్ని కాసేపు పట్టుకుని, ముక్కలు చేసి, ఏది గొంతు ఏది నీళ్లు అని తేల్చి పంపుతుంది. దానికి మంచి యంత్రం కావాలి. రెండోది తేలికైంది. ఎంత పాత డబ్బా మీదైనా పరుగెడుతుంది. కానీ దానికి తెలిసింది ఒకటే, మారకుండా ఉండేదంతా మురికే అని. ఫ్యాను మోత, ట్యూబులైటు జుయ్యిమనడం, అలల హోరు, అన్నీ తీసేస్తుంది.

ఆ పెట్టె తీసుకుని ధరణి బస్సెక్కింది. అడవిలో బళ్లన్నిటినీ కలిపి దాటించే పోలీసు కాన్వాయ్ కోసం ఆగి, రేవుల దగ్గర బల్లకట్టు కోసం ఆగి, సాయంత్రానికి మా దగ్గర దిగింది. కనకదుర్గ ఇంట్లో పడుకుంది. పొద్దున్నే హాల్లో తీగలన్నీ కలిపి, బరువైన ప్లగిన్ ఎక్కించి, ఊ అనమని కబురు పంపింది.

అసిరయ్య కేక వేశాడు. వేసి, నోరు మూశాడు. అప్పుడొచ్చింది స్పీకర్లలోంచి. అడుగున చుక్క సముద్రం లేదు. గొంతు ఒక్కటే, కడిగిన పళ్లెంలా. మాకు ఒళ్లు జలదరించింది. అసిరయ్య మాత్రం వెనక్కి తిరిగి చూశాడు, తన వెనక ఎవరో నిలబడి తన కేక దొంగిలించినట్టు.

"అదేటి, నాను ఆపేసినాక వొస్తంది?"

"మెషీను ఆలోచించుకుంటోంది తాతా. టైము పడుతుంది."

"ఇంకోపాలి ఏత్తాను సూడు." రెండోసారి కేక మధ్యలో చిరిగింది. మూడోసారి కంప్యూటరు బిగుసుకుపోయి, తెర నీలంగా మారి చచ్చింది. దాన్ని లేపేసరికి అన్నం ఉడికేంత సేపు పట్టింది.

ధరణి బరువైనది తీసేసి తేలికైనది ఎక్కించింది. ఈసారి ఆలస్యం లేదు. సముద్రం లేదు. కానీ అసిరయ్య ఊపిరంతా బిగబట్టి సాగదీసిన కేక స్పీకర్లో "ఓ" అని మొదలై మాయమైంది. గాలి పీల్చుకుని మళ్లీ వేశాడు. మళ్లీ "ఓ". మళ్లీ ఏమీ లేదు. "ఓ". "ఓ".

వాలు మీదున్న మల్లేశు గబగబా లుంగీ ఎగ్గట్టాడు. అతనికి మాఘంలోనే పెళ్లయింది, ఏ పనికైనా ముందుంటాడు. "ఓరె గవరయ్యా, లాగాలట్రా! డోంగీలు లాగాలట!" ఇద్దరూ నవ్వుకుంటూ ఒడ్డుకి పరుగు తీశారు. వాళ్ల వెనక నలుగురైదుగురు. రేవులో అసిరయ్య వాళ్లని చూసి చేతులూపాడు. "ఎక్కడికొస్తన్నార్రా యెదవల్లారా! పొమ్మంటన్నాను నాను!" బస్తీ పగలబడి నవ్వింది.

కనకదుర్గ నవ్వలేదు. హాల్లోకి నడిచి ధరణి ముందు నిలబడింది. "నవ్వడానికేటుంది ఇందులో? పొమ్మంటే రమ్మన్నట్టు ఇనబడతంది. ఏటి సేసినావమ్మా?"

ధరణి తెర చూపించింది. అసిరయ్య కేక గీతలా, తాడులా, వంకర లేకుండా సాగింది. మారనిదంతా మురికి అనుకునే ప్రోగ్రాము. మా కేక మారదు. మారకపోవడమే దాని పని. కాబట్టి మొదలు మాత్రం ఉంచి, ఒళ్లంతా తినేసింది.

"ఇది పనికిరాదు దీదీ" అంది ధరణి. "దీంతో మనుషులు చచ్చిపోతారు."

మంచి యంత్రమైతే బరువైనదే పెట్టొచ్చు, గొడవే ఉండదు. మంచి యంత్రం బిల్లులో మాత్రమే ఉంది. ఆ రాత్రి కనకదుర్గ ఇంట్లో ధరణి అన్నం కెలుకుతూ కూర్చుంది. మర్నాడు ప్లగిన్లన్నీ పీకి పారేసింది. ఒక్కటే ఉంచింది, శబ్దంలో అడుగున ఉండే గుమ్మని మోతని కోసేసే ముక్క. దానికి తెలివి లేదు. కత్తి అంతే. యంత్రానికి దాని బరువే తెలియదు. మైకుకి పాత దుప్పటి ముక్క చుట్టి, అసిరయ్య మూతికి ఆనేంత దగ్గరగా దించింది.

వచ్చిన శబ్దం వికారంగా ఉంది. అసిరయ్య గొంతు రేకు డబ్బాలో దూరినట్టుంది. వెనక సముద్రం పూర్తిగా పోలేదు. కానీ అది సముద్రంలా లేదు. నూనెలో అప్పడాలు వేగుతున్నట్టుంది. పిల్లలు తల తిప్పి చూసి మళ్లీ ఆటలో పడ్డారు. కేక మాత్రం మొదటి నుంచి చివరి దాకా తెగలేదు. దిబ్బ మీద చెవి ఒగ్గి నిలబడ్డ కనకదుర్గ నల్లరాళ్లు దాటుకుని తిరిగొచ్చింది.

"బాగోలేదు" అంది. "ఇనబడింది."

అక్కడితో ఆగాల్సింది. ఆపనివ్వరు. ప్రారంభోత్సవం ఉంటుంది కదా. పోర్ట్ బ్లెయిర్ నుంచి పెద్ద ఆఫీసరు వస్తాడు, మైకులో నాలుగు మాటలు చెబుతాడు. ముందు రోజు బంగారురాజు వచ్చి తన గొంతుతో మాట్లాడి చూసుకుని మొహం మాడ్చాడు.

"ఇదేం సౌండమ్మా? సారు మాట్లాడుతుంటే బజ్జీలు వేయించినట్టుంటుంది! నా పరువేం కాను?"

"కేక కోసం పెట్టిన మైకు రాజుగారూ. పాటకచేరీకి కాదు."

"అరే, ఒక్క రోజు. నాయిస్ తీసేది పెట్టు, కొంచెం ఎకో కలుపు. మాటలకి అది బాగానే పనిచేస్తుందని నువ్వే చెప్పావుగా. సారు వెళ్లాక తీసెయ్. ఎవరొద్దన్నారు?"

మాటలకి అది నిజంగానే బాగా పనిచేస్తుంది. మాట క్షణానికోసారి మారుతుంది. ధరణి తేలికైన ప్లగిన్ ఎక్కించింది, ఎకో కలిపింది. ఆఫీసరు గొంతు మబ్బుల్లోంచి దిగినట్టు దిగింది. మత్స్యకార సోదరుల భద్రత అన్నాడు. చప్పట్లు కొట్టాం. అసిరయ్యకి శాలువా కప్పారు. కేక వేసి చూపించమని ఎవరూ అడగలేదు, సారుకి మాయాబందర్‌లో భోజనం వేళయింది.

సాయంత్రం ధరణి వెళ్లేసరికి హాలుకి తాళం. సామాను కొత్తదని, తనిఖీ అయ్యే దాకా ఎవరూ ముట్టుకోకూడదని బంగారురాజు తాళం వేయించి చాబీ జేబులో వేసుకుపోయాడు. లోపల కంప్యూటరు నడుస్తూనే ఉంది. ధరణి ఫోను చేసింది.

"రాజుగారూ, అది తీసెయ్యాలి. ఈ రోజే."

"సోమవారం మావాడు వస్తాడమ్మా, తాళం తీస్తాడు."

"అయితే అప్పటిదాకా మైకు వాడొద్దని అసిరయ్య తాతకి చెప్పండి. మామూలుగా డోంగీ ఎక్కి వెయ్యమనండి."

"చెప్తాలే. నువ్వు బస్సెక్కు."

ధరణి తనే వెళ్లి చెప్పొచ్చు. రేవు కనబడుతూనే ఉంది. కానీ పొద్దున శాలువా కప్పుకున్న ముసలాయన దగ్గరికి పోయి, నీ కేకని మళ్లీ పాడుచేసి పెట్టానని చెప్పడానికి మొహం చెల్లలేదు. బస్సెక్కింది. సోమవారం ఎవరూ రాలేదు. ఆ తర్వాత సోమవారం కూడా. ఆమె ఫోను చేసింది, మావాడు వస్తాడన్నాడు బంగారురాజు. ఆయన అసిరయ్యకి ఏమీ చెప్పలేదు.

జూన్‌లో అల్పపీడనం పట్టింది. రెండు రోజులు ముసురు. మూడో రోజు పొద్దున వాన వెలిసింది, గాలి పడిపోయింది, ఉప్పు తడవకుండా దిబ్బ మీద కప్పిన టార్పాలిన్లు విప్పుదామని ఆడవాళ్లు వెళ్లారు. మగవాళ్లు వాలు మీద వలలు చూసుకుంటున్నారు. రేవులో అసిరయ్య ఒక్కడే నీళ్లకేసి చూస్తున్నాడు. గాలి లేకుండా నీళ్లు లేవడం అతనికి నచ్చలేదు. ఒకటి వచ్చి డోంగీల కింద దాకా నాకిపోయింది. దాని వెనక నల్లగా, పొడుగ్గా ఇంకా లేస్తున్నాయి. అతను స్విచ్చి నొక్కి, మూతి మైకుకి ఆనించి, పొండి అని కేక వేశాడు. ధరణి నేర్పినట్టే వేశాడు.

స్పీకర్లు "ఓ" అన్నాయి. "ఓ". "ఓ". అడుగున కొంచెం ఎకో. మైకు దుప్పట్లో కుక్కిన అసలు గొంతు వాలు దాకా రానే లేదు.

మల్లేశు వలని వదిలేసి లేచాడు. డోంగీలు పోతున్నాయనుకున్నాడు. ఆ రోజు పరీక్షలో నవ్వులాట జరిగింది నిజమే. కానీ ఆ తర్వాత బాగైందని మేమందరం చూశాం. శాలువాలు కప్పారు, రిబ్బన్లు కోశారు. పెద్దవాళ్లొచ్చి పనిచేస్తోందన్న యంత్రాన్ని ఎవడనుమానిస్తాడు? మల్లేశు, గవరయ్య, వాళ్ల వెనక వాలు మీదున్న మగవాళ్లంతా కిందికి పరుగెత్తారు.

అసిరయ్య వాళ్లని చూశాడు. ఇంకా గట్టిగా వేశాడు. ఇంకా పొడుగ్గా, ఇంకా నిలకడగా, డెబ్బయ్యేళ్ల గొంతులో ఎంతుంటే అంతా పెట్టి. గొంతు ఎంత నిలకడగా ఉంటే యంత్రం అంత బాగా తినేసింది. అతను ఎంత గట్టిగా పొమ్మంటే వాళ్లు అంత వేగంగా వచ్చారు.

దిబ్బ మీద ఆడవాళ్లు కూడా టార్పాలిన్లు వదిలేసి నల్లరాళ్ల దారిలో కదిలారు. నీళ్లు చెయ్యి చాపితే అందేంత కిందుగా ఉన్న దారి అది. కనకదుర్గ రెండడుగులు వేసి ఆగింది. స్పీకరు వైపు చూడలేదు. నీళ్లవైపు చూసింది. చూసి, ముందున్న మనిషి జుట్టు పట్టుకుని వెనక్కి లాగింది.

"ఆగండే! అది బావ కేక కాదు! ఎక్కండి, పైకెక్కండి!"

"డోంగీలు పోతాయి వొదినా!"

"పోనీండే! సచ్చిపోతారే!" తిట్టింది, కొట్టింది, వెదురు బద్ద పుచ్చుకుని గొర్రెల్ని తోలినట్టు తోలింది. దిబ్బ మీదున్నవాళ్లందరూ కొండెక్కారు. ఒక్కరు కూడా పోలేదు.

రేవులో మల్లేశు, గవరయ్య డోంగీ ముక్కు పట్టుకుని లాగుతుండగా వచ్చింది. సునామీ కాదు. పేరు లేని అల. డోంగీని ఎత్తి వాళ్ల మీద వేసింది. వెనకున్నవాళ్లు రాళ్లకి కొట్టుకుని చేతులు, పక్కటెముకలు విరిగి బతికారు. గవరయ్య శవాన్ని అక్కడే తీశాం. మల్లేశు మరో రెండు రోజులకి దిబ్బ కింద తేలాడు.

విచారణకి వచ్చినవాళ్లు బంగారురాజు తెచ్చిన జీపులోనే వచ్చారు. కేకవేసే వ్యక్తి వృద్ధుడు, ఊపిరి చాలక కేకని తుంచి వేసినందున ప్రమాదం జరిగిందని రాసుకున్నారు. ఆశ్చర్యం ఏమంటే అసిరయ్య కూడా అదే నమ్మాడు. స్పీకరులో విన్నది తన గొంతే కదా. "నా నోటితోనే సంపీసినాను పిల్లల్ని" అన్నాడు. ఆ తర్వాత అనడం కూడా మానేశాడు. మల్లేశు తల్లి గురువమ్మ ఎదురుపడితే తప్పుకుని పోయేవాడు.

ధరణికి పేపర్లో తెలిసింది. వచ్చింది. విచారణకని తాళం తీసిన హాల్లో మేం పోగై ఉన్నాం, బంగారురాజు మధ్యలో కుర్చీలో ఉన్నాడు, పరామర్శకి వచ్చాడట.

"మెషీన్లో లోపం లేదు భయ్యా. సారు స్పీచి ఎంత క్లియర్‌గా వచ్చిందో అందరూ విన్నారు. ముసలాయన పాపం, వయసు..."

"లోపం ఉంది" అంది ధరణి గుమ్మంలోంచి. "నేనే పెట్టాను."

ఆమె నిలబడిన చోటే చెప్పింది. సారు కోసం ఎక్కించానని, తీసేద్దామనుకున్నానని, తాళం వేశారని, అసిరయ్యకి చెప్పమన్నానని, తను చెప్పకుండా బస్సెక్కానని.

"అబద్ధం!" బంగారురాజు లేచాడు. "నాకేం చెప్పలేదు ఈ పిల్ల. చెప్పినా, ముసలాడు తెంచి వేసిన కేకకి నా మెషీనేం చేస్తుంది?"

"తాతా, నువ్వొక్కసారి వెయ్యి" అంది ధరణి. అసిరయ్య గోడవైపు తిరిగాడు.

కనకదుర్గ లేచి రేవుకి నడిచింది. ఆడది కేక వెయ్యడం మా దాంట్లో లేదు. ఎవరూ ఆపలేదు. ఆమె స్విచ్చి నొక్కి, నీళ్లకేసి చూసి, సాగదీసింది. కిటికీలోంచి పక్కవాటుగా ఆమె నోరు తెరుచుకుని ఉండడం కనబడుతోంది. స్పీకరు "ఓ" అని ఊరుకుంది. ఆమె నోరు ఇంకా తెరిచే ఉంది. మళ్లీ "ఓ".

అసిరయ్య గోడ నుంచి ఇటు తిరిగాడు. వినడం లేదు. చూస్తున్నాడు, ఆమె నోటిని.

గురువమ్మ ధరణి దగ్గరికొచ్చింది. కొడుతుందనుకున్నాం. కొట్టలేదు. "ఒక్క రోజుకా అమ్మా?" అని అడిగింది. "ఆ పెద్దాయన గొంతు అందంగా ఉండడానికా?" గురువమ్మ జవాబు కోసం నిలబడే ఉంది.

బంగారురాజు జీపెక్కేశాడు. మేం రాళ్లు వేశాం. అద్దం పగిలింది. ఆ కేసు ఇంకా మాయాబందర్ కోర్టులో నడుస్తోంది, మా మీద. ఆయన మీద ఏ కేసూ లేదు. కాగితాల్లో ఈ రోజుకీ తప్పు అసిరయ్యదే.

ధరణి కంప్యూటరు ముందు కూర్చుని, తేలికైనది తీసేసి, అడుగు మోతని కోసే ముక్క మాత్రం మళ్లీ పెడతానంది. వికారంగా ఉన్నా పిల్లలు భయపడరు కదా అంది.

రేవు నుంచి తిరిగొచ్చిన కనకదుర్గ ఆ మాట విని అడ్డంగా తలూపింది. "వొద్దు. ఈ పెట్టె మజ్జెలో ఉన్నంతకాలం ఎవడో ఒకడు ఒక్క రోజుకని దాంట్లో ఏదో ఒకటి దూరుస్తాడు. రేపు ఇంకో సారొస్తాడు. ఎల్లుండి మంత్రొస్తాడు. పీకీ."

"తీసేస్తే సముద్రం మొత్తం వస్తుంది దీదీ. ఆ మొదటి రోజులాగే."

"రానీ."

"పిల్లలు..."

"నాకు తెల్దా?" కనకదుర్గ గొంతు లేచింది. "తీగ కోసింది నానే గదా! నా కూతురు గుంట పోయిన మోత నాకు తెల్దా? పీకీమంటన్నాను."

ధరణి పీకేసింది. తీగ నేరుగా యాంప్లిఫయరుకి కలిపింది. కంప్యూటరుని గడప బయట పెడితే ఎవరో కాలితో తన్నారు, వాలు మీద దొర్లిపోయింది. ఆమె సాయంత్రం బస్సుకి వెళ్లిపోయింది. మేం వెళ్లమనలేదు, ఉండమనీ అనలేదు. కనకదుర్గ మాత్రం రోడ్డు దాకా వెళ్లింది.

ఇప్పుడు కేకవేసేది కనకదుర్గ. వారానికోసారి పగటిపూట స్విచ్చి నొక్కుతుంది. ముందు సముద్రం వస్తుంది, ఇళ్ల మీదికి, పళ్లేల మీదికి, ఉయ్యాలల మీదికి. దాని మీద ఆమె గొంతు, తెగకుండా. మొదట్లో గోడలకి తల బాదుకున్నవాళ్లున్నారు. చీర కొంగు నోట్లో కుక్కుకున్నవాళ్లున్నారు. గురువమ్మ కోడలు, మల్లేశు పెళ్లాం, ఆ మోత మొదలవగానే వాంతి చేసుకుంటుంది. ఎవరూ తీగ కొయ్యలేదు. పిల్లలు ఏడుస్తారు, ఒంటికి రెంటికి బట్టల్లోనే పోతారు. వాళ్లని ఓదార్చడం మానేశాం. ఏడుస్తూనే కొండెక్కుతారు.